పవర్ స్టీరింగు లేని బండి ఎందుకు నచ్చుతుంది?

"పవర్ స్టీరింగు లేదా? అయితే వద్దులే అన్నా!"

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వచ్చినవాళ్లు మొట్టమొదట అనే మాట ఇదే. ఏసీ చల్లగా వస్తుందా, అద్దాలు బటన్ నొక్కితే దిగుతాయా, స్టీరింగు ఒక వేలితో తిరుగుతుందా? ఈ మూడూ చూసి ధర కడతారు. ఇంజను సంగతి ఆ తర్వాత. మన పగిడ్యాల హాస్టల్లో చదువుకుని బయటికి వచ్చిన మాలో కొందరం డ్రైవింగునే బతుకుతెరువు చేసుకున్నాము. కొందరం మెకానిక్ షెడ్లలో పని నేర్చుకున్నాము. వార్షికోత్సవ సంచికకు తమ్ముళ్లకు పనికొచ్చేది ఏదైనా రాయమన్నారు గనుక మాకు తెలిసిన విషయమే రాస్తున్నాము. ఏ హంగూ లేని తేలికపాటి కార్లంటే మాకు ఎందుకంత ఇష్టమో, ఆ ఇష్టానికి హద్దు ఎక్కడో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ 'పవర్' అంటే ఏమిటో చూద్దాం. మన చేయి, మన కాలు చేయవలసిన పనిలో కొంత ఇంజనో బ్యాటరీయో చేసిపెట్టడమే పవర్. పాత రకం పవర్ స్టీరింగులో ఇంజనుకు బెల్టు తగిలించి ఒక పంపును తిప్పుతారు. ఆ పంపు నూనెను ఒత్తిడితో నెడుతుంది. ఆ ఒత్తిడే చక్రాలను పక్కకు తిప్పడంలో మనకు తోడు పడుతుంది. కొత్త రకంలో పంపూ నూనే లేవు, చిన్న కరెంటు మోటారు ఉంటుంది. బ్రేకు దగ్గర బూస్టరు అని గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకునేటప్పుడు పుట్టే శూన్యాన్ని వాడుకుని అది మన కాలి బలాన్ని పెంచుతుంది. డీజిల్ బండిలో ఆ శూన్యం కోసం వేరే పంపు పెడతారు. అద్దాలకు, తలుపుల తాళాలకు మోటార్లు సరేసరి.

ఇంత సాయం ఎందుకు కావలసి వచ్చింది? సోమరితనం వల్ల అని చాలామంది అనుకుంటారు. మా లెక్కలో అది తప్పు. అసలు కారణం బరువు. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే పవర్ స్టీరింగును కారుకు బిగించి చూపించాడు. అయినా కంపెనీలు వెంటనే ఎగబడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బరువైన మిలిటరీ వాహనాలకు దాన్ని వాడారు. యుద్ధం అయ్యాక అమెరికా కార్లు పడవల్లాగా పెరిగిపోయాయి. 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారుకు పవర్ స్టీరింగు పెట్టి అమ్మింది. అంటే బండి బరువెక్కింది, మనిషి చేయి చాలలేదు, అప్పుడు సాయం వచ్చింది. బరువే లేకపోతే సాయంతో పనేముంది? తేలిక కార్లలో ఉన్న కిటుకు మొత్తం ఇదే.

తమ్ముళ్లు సైన్సు పాఠాల్లో చక్రం, ఇరుసు అనే సామాన్య యంత్రం గురించి చదివి ఉంటారు. స్టీరింగు అదే. చక్రం ఎంత పెద్దదైతే మన బలం అంత కలిసివస్తుంది, కాకపోతే చేయి ఎక్కువ దూరం తిప్పాలి. పాత ఆర్టీసీ బస్సులో నందికొట్కూరు పోయినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. స్టీరింగు బండి చక్రమంత ఉండేది. బస్టాండులో మలుపు తిప్పాలంటే డ్రైవరన్న సీట్లోంచి సగం లేచి, ఒళ్లంతా దాని మీద వేసి తిప్పేవాడు. అంత బరువు బండికి పవర్ స్టీరింగు రావడం వరమే. ట్రాక్టరు సంగతీ అంతే. దుక్కి దున్నేటప్పుడు ప్రతి సాలు చివరా మలుపే. రోజంతా చేతి స్టీరింగు ట్రాక్టరు తోలినవాడు రాత్రి సంగటి ముద్ద కలపలేక భుజాలు పట్టుకుంటాడు. ఆ బండ్లకు పవర్ వద్దని మేము చచ్చినా అనము.

కానీ కారు బస్సు కాదు గదా.

మారుతి 800 తీసుకోండి. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా కొన్నవారికి అందాయి. 2014 జనవరిలో ఆ మోడలు తయారీ ఆగింది. అంటే 30 ఏళ్లు నడిచిన బండి. మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజను, 12 అంగుళాల చక్రాలు, 145 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు, ఖాళీ బండి బరువు సుమారు 650 కిలోలు. స్టీరింగుకు ఏ మోటారూ లేదు. అయినా దాన్ని తిప్పడానికి వస్తాదు కానక్కరలేదు. ఎందుకంటే స్టీరింగు బరువు మూడింటి మీద ఆధారపడుతుంది: ముందు చక్రాల మీద పడే బరువు, టైరు వెడల్పు, లోపలి గేరు లెక్క. మొదటి రెండూ తక్కువ కాబట్టి మూడోదాన్ని కాస్త సర్దితే చాలు. అదే 2002లో వచ్చిన స్కార్పియో లాంటి బండి ఒకటిన్నర టన్నుల పైమాటే. దానికి పవర్ తీసేస్తే మన గ్రౌండులో ఒక్క చుట్టు తిప్పేసరికి చెమటలు పట్టి దిగిపోతారు.

ఇంకో విచిత్రం చెప్పాలి. కరెంటు మోటారుతో పనిచేసే పవర్ స్టీరింగు మొదట వచ్చింది ఏ పెద్ద కారుకో కాదు. 1988లో జపాన్లో సుజుకి వాళ్ల సెర్వో అనే బుల్లి కారుకు వచ్చింది. అదే సుజుకి మనకు మారుతి 800 ఇచ్చింది. జపాన్ పట్నాల్లో ఇరుకు సందుల్లో బండి పెట్టుకోవాలి, ముసలివాళ్లూ తోలాలి. వాళ్ల అవసరం వాళ్లది. మన దగ్గర కూడా ఆల్టోలో ఎల్‌ఎక్స్ఐ కొనుక్కుంటే పవర్ ఉండేది, చౌక రకంలో ఉండేది కాదు. పవర్ వచ్చాక ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, చేతుల్లో సత్తువ తక్కువైనవాళ్లు ధైర్యంగా స్టీరింగు పట్టగలిగారు. దాన్ని ఎగతాళి చేసేవాళ్లను చూస్తే మాకు ఒళ్లు మండుతుంది.

సరే, మరి మాకు చేతి స్టీరింగు మీద మోజెందుకు? ఎద్దులబండి తోలినవాళ్లకు చెప్పడం తేలిక. పగ్గాలు చేతిలో ఉంటే ఎడమ ఎద్దు బెదిరిందా, కుడి ఎద్దు అలిసిందా, బండి గుంతలో దిగబోతుందా అన్నది చూపు కంటే ముందు చేతికి తెలుస్తుంది. చేతి స్టీరింగూ అంతే. రోడ్డు మీద ఇసుక ఉంటే స్టీరింగు ఉన్నట్టుండి తేలికవుతుంది. ముందు టైరులో గాలి తగ్గితే ఒక పక్కకు లాగుతుంది. వాన నీటిలో టైరు జారబోతుంటే చేతిలో పట్టు పోయినట్టు తెలుస్తుంది. చక్రానికీ మన అరచేతికీ మధ్య కొన్ని ఇనుప కడ్డీలు, పళ్ల చక్రాలు తప్ప ఏమీ లేవు కాబట్టి రోడ్డు చెప్పే మాట నేరుగా వినపడుతుంది. పవర్ స్టీరింగులో ఆ మాట కొంత మధ్యలోనే ఆగిపోతుంది. మంచి కంపెనీలు దాన్ని బాగానే సరిచేశాయి గానీ మొదట డ్రైవింగు నేర్చుకునేవాడికి మాత్రం చేతి స్టీరింగు బండే మంచి అయ్యవారు. దాని మీద నేర్చుకున్నవాడు ఏ బండైనా తోలతాడు. ఒక వేలితో తిప్పడం అలవాటైనవాడిని పాత జీపు ఎక్కిస్తే మొదటి మలుపులోనే చెట్టెక్కిస్తాడు!

తేలికదనం ఒక్క స్టీరింగుకే కాదు, అన్నిటికీ కలిసివస్తుంది. బండి తేలికైతే చిన్న ఇంజను చాలు. చిన్న ఇంజనుకు చిన్న ట్యాంకు, సన్న టైర్లు, చిన్న బ్రేకులు చాలు. అవి చిన్నవైతే బండి ఇంకా తేలికవుతుంది. బరువు పెరిగినా ఇదే వరస తిరగబడి నడుస్తుంది. బ్రేకు లెక్క చూడండి. కదిలే వస్తువు గతిశక్తి దాని ద్రవ్యరాశిని బట్టి, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 650 కిలోల బండి, 1,700 కిలోల బండి రెండూ గంటకు 60 కి.మీ. వేగంతో వస్తుంటే రెండోదాన్ని ఆపడానికి బ్రేకులు రెండున్నర రెట్లకు పైగా శక్తిని వేడిగా మార్చి పారేయాలి. కాలితో తొక్కిన బలం నూనె ద్వారా నాలుగు చక్రాలకూ చేరడం పాస్కల్ సూత్రమే. బండి తేలికైతే ఆ సూత్రం ఒక్కటే చాలావరకు పని కానిస్తుంది. బరువైతే బూస్టరు తోడు కావాలి.

మన నేల సంగతి కూడా ఇందులో ఉంది. ముచ్చుమర్రి వైపో ప్రాతకోట వైపో వానాకాలంలో పొలం దారిన పోయినవాళ్లకు నల్లరేగడి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. చెప్పుకు అంటుకుంటే చెప్పే మిగలదు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం అని చదువుకున్నాం గదా. బరువు తగ్గితే చక్రం అంత లోతుకు దిగదు. దిగినా నలుగురు మనుషులు నెట్టి లేపగలరు. 1985లో వచ్చిన మారుతి జిప్సీని మిలిటరీవాళ్లు, ర్యాలీ పందేలవాళ్లు అంత ఇష్టపడడానికి ఇదొక కారణం. దానికీ పవర్ స్టీరింగు లేదు, బరువు వెయ్యి కిలోల అటూ ఇటూ. బరువైన వాహనాలు కూరుకుపోయిన చోట కుందేలులాగా దూకి పోయేది.

రైతు కోసమే తేలిక కారు చేసిన కథ ఒకటి ఫ్రాన్సులో ఉంది. 1930లలో సిట్రోయెన్ కంపెనీ పెద్ద పియరీ బులాంజే తన ఇంజనీర్లకు ఒక షరతు పెట్టాడు. ఇద్దరు రైతులను, 50 కిలోల ఉర్లగడ్డలను ఎక్కించుకుని బండి పోవాలి. దున్నిన చేనులో పోయినా గంపలోని కోడిగుడ్లు పగలకూడదు. యుద్ధం వచ్చి పని ఆగింది. నమూనా బండ్లను జర్మన్లకు దొరక్కుండా దాచిపెట్టారు. చివరికి 1948లో ప్యారిస్ ప్రదర్శనలో బయటపెట్టారు. పేరు టూసీవీ. 375 సి.సి. ఇంజను, 9 గుర్రాల బలం, నీళ్లు అవసరం లేకుండా గాలితోనే చల్లబడేది, బరువు అర టన్ను దాపు. చూసి రేకుడబ్బా అని నవ్వినవాళ్లు చాలామంది. ఆ రేకుడబ్బా 1990 దాకా తయారయింది. మన రైతుకు కూడా ఇలా గుడ్లగంప షరతు పెట్టి బండి చేసేవాళ్లు ఉంటే బాగుండేదని మాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మెకానిక్ వైపు నుంచి చెప్పాలంటే, లేని వస్తువు చెడిపోదు. స్టీరింగు పంపు లేకపోతే దాని నూనె కారదు, బెల్టు తెగదు. కిటికీకి హ్యాండిలే ఉంటే మోటారు కాలిపోయి వానలో అద్దం దిగినది దిగినట్టే ఉండిపోవడం జరగదు. 2009 అక్టోబరులో కర్నూలు ఊరు వరదలో మునిగింది. అలాంటి నీళ్లలో నానిన బండి పాత రకందైతే విప్పి, కడిగి, ఎండబెట్టి, నూనెలు మార్చి లేపడానికి ఆశ ఉంటుంది. ఎక్కడ చూసినా వైర్లూ కంప్యూటరు డబ్బాలూ ఉన్న బండైతే మరమ్మతు ఖర్చు బండి ధరను మించే ప్రమాదం ఉంది. అప్పు చేసి బండి కొనే మనలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పాన, స్క్రూడ్రైవరు, సుత్తి ఉంటే సగం పని మనమే చేసుకోవచ్చు.

ఇంత మంచివైతే జనం ఎందుకు వదిలేశారు? దీనికి జవాబు టాటా నానో చెబుతుంది. 2008 జనవరిలో చూపించారు, 2009లో అమ్మకానికి తెచ్చారు. లక్ష రూపాయల కారు అని దేశమంతా మారుమోగింది. 624 సి.సి. ఇంజను వెనకాల, బరువు 600 కిలోల దాపు, ఒకటే వైపరు, చక్రానికి మూడే బోల్టులు. మొదటి బండ్లకు పవర్ స్టీరింగు లేదు, 2014లో వచ్చిన ట్విస్టు మోడలుకు పెట్టారు. ఇంజనీర్లు నిజంగా బుర్ర పెట్టి చేసిన బండి అది. కొన్ని బండ్లకు మంటలంటుకోవడం దాని పేరును దెబ్బ తీసింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ మాత్రం 'అన్నిటికంటే చౌక కారు' అన్న ముద్ర. స్కూటరు మీద పోయేవాడు కూడా 'పేదోడి కారు' అని పిలిపించుకోవడానికి ఇష్టపడలేదు. ఆ ముద్ర చెరుపు చేసిందని రతన్ టాటా కూడా తర్వాత ఒప్పుకున్నారు. పదేళ్లు తిరక్కుండానే తయారీ ఆగిపోయింది. ముద్ర ఎంత బరువో హాస్టల్ పిల్లలకు మేము చెప్పాలా? ట్రంకుపెట్టె పట్టుకుని బస్సు ఎక్కితేనే 'ఓహో, సోషల్ వెల్ఫేరా' అన్న చూపులు మనం చూసినవే.

అదే ఇంగ్లండు పొండి. కాలిన్ చాప్‌మన్ అనే ఆయన లోటస్ కంపెనీ పెట్టి, బలం పెంచడం కన్నా బరువు తగ్గించడమే గొప్ప అని పట్టుబట్టాడు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌కు సరైన తలుపులు కూడా లేవు. 1973 నుంచి ఆ బండినే కేటర్‌హామ్ అనే కంపెనీ తయారు చేస్తోంది. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ ముప్పావు టన్నుకు లోపే, పవర్ స్టీరింగు లేదు. అక్కడ డబ్బున్నవాళ్లు ఇవి లేనందుకే ఎక్కువ డబ్బు పోసి కొంటారు! మన దగ్గర లేమి అన్నదే అక్కడ రుచి అయింది.

ఇప్పుడు హద్దు సంగతి. దీన్ని దాచి తేలిక కార్లను పొగిడితే తమ్ముళ్లకు ద్రోహం చేసినట్టే. తేలిక బండి, బరువు బండి గుద్దుకుంటే ఎక్కువ దెబ్బ తేలిక బండికే. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు చిన్న కార్లను గుద్దించి పరీక్ష పెడితే ఆల్టో 800, నానో సహా అయిదు కార్లకు పెద్దవాళ్ల రక్షణలో ఒక్క నక్షత్రమూ రాలేదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే నాలుగు వరసల రోడ్డు మీద లారీ పక్కన దాటిపోతే దాని గాలికే మారుతి 800 ఊగుతుంది. అలాంటి రోడ్డు మీద దాన్ని వందలో తోలడం ధైర్యం కాదు. ఇంకో తేడా కూడా గమనించాలి. పవర్ స్టీరింగు, పవర్ విండో సుఖం కోసం పెట్టినవి. ఎయిర్‌బ్యాగు, ఎబిఎస్ ప్రాణం కోసం పెట్టినవి. సడన్ బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా చూసేది ఎబిఎస్. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది. మొదటి రకం లేకపోయినా ఫరవాలేదు. రెండో రకం కూడా 'అనవసరపు హంగు' అనేవాళ్ల మాట వినకండి. సీటు బెల్టు సంగతి చెప్పనే అక్కరలేదు.

పవర్ ఉన్న బండ్లు తోలేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే నల్లమల దారిలో దిగుడు వచ్చిందంటే డీజిల్ మిగులుతుందని ఇంజను ఆపేసి దొర్లించే అలవాటు పాతకాలపు డ్రైవర్లలో ఉండేది. అప్పటి బూస్టరు లేని బండ్లలోనే అది ప్రమాదం. ఇప్పటి బండ్లలో ఇంకా ప్రమాదం. ఇంజను ఆగితే బూస్టరులో రెండు మూడు తొక్కులకు సరిపడా శూన్యమే మిగులుతుంది. ఆ తర్వాత బ్రేకు రాయిలాగా బిగుస్తుంది. నూనె పంపు పవర్ స్టీరింగైతే అదీ ఒక్కసారిగా బరువెక్కుతుంది. తాళంచెవి పూర్తిగా తిప్పేసి తీశామంటే స్టీరింగుకు లాకే పడిపోతుంది. పైగా ఈ కాలపు ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలి దిగుతుంటే వాటంతట అవే ఇంధనం ఆపుకుంటాయి. న్యూట్రల్ చేస్తే మిగిలేదీ ఏమీ లేదు. రెండో గేరులో, ఇంజను నడుస్తుండగా దిగండి.

చేతి స్టీరింగు తేలిక కారు కొనాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. ఇప్పుడు దొరికే మారుతి 800లు చాలావరకు 15 ఏళ్లు దాటినవే. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి తిరిగి రాయించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025లో ఇంకా పెంచారు. కాబట్టి బండి చౌక అని చేయి చాపకముందే ఆర్‌సీలో తేదీ చూడండి. కింద రేకు తుప్పు పట్టిందేమో పడుకుని చూడండి, పై రంగు చూసి మోసపోవద్దు. బండి ఆపి స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ కదపండి. చక్రం కదలకుండా స్టీరింగు మాత్రం వదులుగా తిరుగుతుంటే కీళ్లు అరిగాయని అర్థం. స్టీరింగు మరీ బరువుగా ఉంటే వెంటనే వద్దనకండి, ముందు టైర్లలో గాలి చూడండి. గాలి తక్కువైతే ఏ చేతి స్టీరింగైనా మొండికేస్తుంది.

ఇక పార్కింగు. నిలబడి ఉన్న బండి చక్రాన్ని తిప్పితే టైరు నేలను రాసుకుంటూ తిరగాలి, అందుకే అంత బరువు. బండిని నత్తలా కాస్త కదలనిచ్చి, కదులుతుండగా తిప్పండి. టైరు దొర్లుతూ తిరుగుతుంది కాబట్టి బరువు సగానికి సగం తగ్గినట్టే ఉంటుంది. మా షెడ్డుకు నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు మొదటి రోజు మేము చేయించే పని ఇదే.